తొంభై ఆరు పచ్చ టిక్కులు

గాజు షీల్డుని మూడో వార్డుకి చేర్చే పని బండి తాత నెత్తిన పడింది.

ఆ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళుగా స్ట్రెచర్ తోసేది ఆయనే. రోగిని వార్డు నుంచి ఎక్స్‌రేకి, ఎక్స్‌రే నుంచి ఆపరేషన్ గదికి, అక్కణ్ణించి మళ్ళీ మంచం దగ్గరికి. స్ట్రెచర్ అని అక్కడ ఎవరూ అనరు. బండి అంటారు. తోసేవాడు కాబట్టి ఆయన బండి తాత. అలా పిలవని మనిషి ఒక్కతే ఉండేది, ఆయన భార్య. ఆమె పోయి నాలుగు నెలలైంది.

షీల్డుకి తెల్ల దుప్పటి చుట్టి బండి మీద పడుకోబెట్టారు. "జాగ్రత్త తాతా, ఇది పగిలిందంటే మనిద్దర్నీ ఇదే బండి మీద తోసుకెళ్తారు" అన్నాడు ఆఫీసు గుమాస్తా.

లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక తాత దుప్పటి కొంచెం పక్కకి లాగి చూశాడు. ఆయన చదువు మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. పైన 'పడకపుండు లేని వార్డు' అని ఉంది. కింద ఇంకా పెద్ద అక్షరాల్లో 'నూటికి నూరు' అని ఉంది.

పడకపుండు అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కదల్లేని మనిషిని ఒకే పక్కన వదిలేస్తే ఎముక దగ్గర చర్మం ఒత్తుకుని, ఎర్రబడి, నల్లబడి, లోపలికంటా తినేసే పుండు. ఆయన భార్యని తీసుకుపోయింది అదే. మొదలైంది కూడా ఈ షీల్డు వెళ్ళబోతున్న వార్డులోనే, పదిహేడో నంబరు మంచం మీద.

ఒక్క తోపు తోస్తే చాలు, నేల మీద పడి వెయ్యి ముక్కలవుతుంది. కానీ ముక్కలు ఊడవడానికి ఐదు నిమిషాలు. ఊడ్చే మనిషి తిట్టుకుంటుంది. మర్నాటికి ఇంకో షీల్డు చేయించుకుంటారు. 'అంత తేలిగ్గా కాదు' అనుకున్నాడు తాత. రోగికి సర్దినట్టే దుప్పటి సర్దాడు.

వార్డు గుమ్మంలో పెద్ద సిస్టర్ ఎదురొచ్చింది. వెనక నర్సు ఒకతె చప్పట్లు కొడుతోంది.

"మెల్లగా తాతా, మెల్లగా! తల వైపు ముందు రానీ!"

"పేషెంటెవరండీ?" అంది ఆ నర్సు.

"మన వార్డు పరువమ్మా!" అంది పెద్ద సిస్టర్. మంచాల మీదున్నవాళ్ళు కూడా నవ్వారు.

తాత నవ్వలేదు. ఆయన కళ్ళు పదిహేడో మంచం మీదే ఉన్నాయి. అక్కడ ఎవరో ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున ఏడింటికి వేరే రోగి కోసం వచ్చినప్పుడూ ఆయన గోడవైపే ఉన్నాడు. ఇప్పుడు పదకొండున్నర.

భార్య పడింది కిటికీ తెర విప్పబోయి. స్టూలు జారింది, తుంటి విరిగింది. షుగర్ దిగేదాకా ఆపరేషన్ చేయడం కుదరదన్నారు డాక్టర్లు. ఎనిమిది రోజులు ఆ మంచం మీదే వెల్లకిలా ఉంది. తాత బండి తోస్తూ, సందు దొరికినప్పుడల్లా వచ్చి చూసి వెళ్ళేవాడు.

"నన్నెవరూ తిప్పట్లేదండీ. నడుం కింద నిప్పులు పోసినట్టుంది" అంది ఆమె నాలుగో రోజున.

తాత పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళాడు. "నేనే కాస్త పక్కకి తిప్పనా అమ్మా?"

"నువ్వు తిప్పితే విరిగిన ఎముక ఇంకో దారి పడుతుంది. నీ పని బండి తోయడం తాతా, తిప్పడం మా పని. ఇదిగో, నీ కళ్ళతో నువ్వే చూడు." కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. రెండు గంటలకొకటి చొప్పున పచ్చ టిక్కులు, పైనుంచి కిందిదాకా, దారం పట్టి నాటినట్టు. "కుడివైపుకి తిప్పాం, ఎడమవైపుకి తిప్పాం, చర్మం బాగుంది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా?"

ఆ పచ్చదనం చూసి తాత నమ్మేశాడు. వెనక్కి వచ్చి, "నువ్వు మందు మత్తులో కునుకు తీస్తుంటావు. నీకు తెలీట్లేదు. కంప్యూటర్లో ఉంది" అన్నాడు.

"నా వీపు సంగతి నాకు తెలీదా?"

"నిన్న సాయంత్రం ఎవరో తిప్పారన్నావుగా?"

"ఒక్కసారి. వెనకనుంచి పట్టుకుని తిప్పారు. ఎవరో చూడలేదు. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. అంతే, మళ్ళీ ఎవరూ రాలేదు."

"చూశావా మరి! తిప్పుతున్నారన్నమాట" అన్నాడు తాత.

ఆమె మొహం అటు తిప్పుకుంది. ఆమె తిప్పుకోగలిగింది అదొక్కటే.

తొమ్మిదో రోజు ఐదో వార్డుకి మార్చారు. అక్కడి సిస్టర్ దుప్పటి ఎత్తి చూసి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. పిడికిలి దూరేంత పుండు. విషం రక్తంలోకి ఎక్కింది. మూడు వారాలకి మనిషి పోయింది. కాగితాల్లో మాత్రం ఆ పుండు ఐదో వార్డులో పుట్టినట్టు పడింది. ముందు రోజుదాకా 'చర్మం బాగుంది' అని మూడో వార్డు టిక్కు పెట్టింది కదా మరి.

తాతని నాలుగు నెలలుగా తొలుస్తున్నది పుండు ఒక్కటే కాదు. నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి మాట కాదని, తెర మాట నమ్మాడు. నీ వీపు సంగతి నీకు తెలీదు అని భార్యకి చెప్పింది ఆయన నోరే. ఆ నోట్లో ఆ మాట పెట్టింది పెద్ద సిస్టర్. దానికి ఒకటే బదులు. అదే తెర మీద 'తిప్పలేదు' అని పడాలి. ఆవిడ చేత్తోనే పడాలి. భార్య చెప్పిందే నిజమని అక్కడ నిలిచిపోవాలి.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని మేనకోడలి గదికి వెళ్ళాడు. అక్క కూతురు. ఆసుపత్రిలో అందరూ లెక్కలమ్మాయి అంటారు. ఏ వార్డులో ఎంతమంది పడిపోయారు, ఎవరికి మందు ఆలస్యమైంది, ఎవర్ని వేళకి తిప్పారు, ఇవన్నీ కంప్యూటర్లోంచి తోడి, నెలకోసారి పెద్ద డాక్టరుకి ఇవ్వడం ఆ అమ్మాయి పని. వైద్యం ఎక్కడ బాగుందో, ఎక్కడ కుంటుతోందో తేల్చేది ఆ లెక్కే.

"షీల్డు నువ్వే తోసుకెళ్ళావటగా మావయ్యా?"

"ఆ. నువ్వేసిన లెక్కేగా అది?"

ఆ అమ్మాయి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "నేనే వేశాను. నన్నేం చేయమంటావు? టిక్కు ఉంటే కలుపుతాను, లేకపోతే తీసేస్తాను. అత్తయ్య సంగతి నేనూ మర్చిపోలేదు. కానీ కంప్యూటర్లో అంతా సవ్యంగానే ఉంది."

"టిక్కుల్ని నువ్వు లెక్కపెడుతున్నావు. సరే. మనుషుల్ని ఎవరు లెక్కపెడుతున్నారు?"

తాత చొక్కా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి, చీమలు పాకినట్టు?"

"నా రాత. నవ్వకు. వార్డు, మంచం, మంచం మీంచి ఎక్కించిన టైము, తిరిగి దింపిన టైము. పన్నెండేళ్ళుగా రాస్తున్నా. ఎక్కడ ఏ ఆపరేషన్ ఆగినా 'బండి ఆలస్యం' అని నా మీదకి తోసేసేవాళ్ళు. అప్పట్నుంచి రాసుకోవడం మొదలెట్టా." ఒక పేజీ తిప్పి వేలు పెట్టాడు. "మీ అత్తయ్యని ఐదో రోజు స్కానింగ్‌కి నేనే తీసుకెళ్ళా. మిషన్ మొరాయించింది. తొమ్మిదీ నలభైకి ఎక్కించా, ఒకటిన్నరకి దింపా. అంతసేపూ కింద నడవాలో నా పక్కనే ఉంది. పదింటికి ఆవిడ మంచం మీద ఏం జరిగిందో నీ కంప్యూటర్ని అడుగు."

"అడక్కూడదు మావయ్యా. నా ఇష్టమొచ్చినట్టు రోగి కాగితాలు తెరిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. కానీ నువ్వు భర్తవి. అర్జీ పెట్టు. అచ్చేసి ఇచ్చి తీరాలి."

అర్జీ ఆ అమ్మాయి చెప్పింది, తాత రాశాడు. ఆరు వరుసలు రాయడానికి గంట పట్టింది. రెండో రోజుకి దళసరి కాగితాల కట్ట చేతికొచ్చింది. లెక్కలమ్మాయి తిన్నగా ఐదో రోజు పేజీ తీసి చదివింది.

"పది గంటలు. ఎడమవైపుకి తిప్పాం, చర్మం బాగుంది. పన్నెండు గంటలు. కుడివైపుకి..." అక్కడ ఆగిపోయింది. "బండి మీదున్న మనిషిని మంచం మీద తిప్పారు మావయ్యా!"

"తిప్పారు. గోడల్లోంచి చేతులు చాపి తిప్పారు. చాలమ్మా, ఇంక చదవకు." కట్ట మడిచి చంకలో పెట్టుకున్నాడు. మిగతా పేజీలు చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

"ఇక్కణ్ణించి ఇది నా పని" అంది ఆ అమ్మాయి. మూడు నెలల నోటుపుస్తకాలు తీసుకుంది. లెక్క సరిచూసే పని ఆమెదే కాబట్టి ఈసారి అన్ని వార్డుల టిక్కులూ తెరవడానికి అధికారం ఉంది. రెండు రోజులకి తిరిగొచ్చింది.

"మిగతా వార్డుల్లో చిల్లులున్నాయి మావయ్యా. ఇక్కడ టిక్కు లేదు, ఇక్కడ 'రోగి స్కానింగ్‌కి వెళ్ళారు' అని రాశారు, ఇక్కడ మర్చిపోయారు. నూటికి డెబ్బై, ఎనభై. మూడో వార్డులో ఒక్క చిల్లు లేదు. నీ బండి మీదున్న టైములో నూట పదకొండు టిక్కులు పడ్డాయి. పైగా అన్నీ ఒకే పేరు మీద. పొద్దున పెద్ద సిస్టర్ తన పేరుతో కంప్యూటర్ తెరిచి పెడుతుంది. ఏ షిఫ్ట్ వాళ్ళొచ్చినా అందులోనే, పాత వరుస కాపీ కొట్టి కిందికి దించేస్తారు. చిల్లులున్న లెక్కే నిజం లెక్క. చిల్లు లేనిదాన్ని చూసి నేను అనుమానపడాలి. షీల్డు ఇప్పించాను." లేచింది. "ఇప్పుడే పెద్ద డాక్టరుకి చెప్తా."

"ఆగు. సోమవారం మీటింగుంది కదా. నలుగురిలో ఆవిడ నోటితో ఆవిడే నూటికి నూరు అనాలి. ఆ తర్వాత."

"సోమవారం అంటే ఇంకా మూడు రోజులు. పదిహేడులో ఆ ముసలాయన ఉన్నాడుగా మావయ్యా. ఆయన వీపు సోమవారందాకా ఆగుతుందా?"

పగ తప్ప ఇంకేదీ కనపడని తాత కళ్ళకి ఆ ముసలాయన అడ్డం వచ్చాడు. లేచి, "ఆయన సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

వెళ్ళి, ముసలాయన పక్కన కూర్చున్న కూతురి చెవిలో చెప్పాడు. "వాళ్ళు తెర చూపిస్తారు తల్లీ. చూడకు. నువ్వు నాన్న వీపు చూడు. ఎర్రగా ఉంటే గొంతు పోయేదాకా అరుస్తూనే ఉండు."

ఆ పిల్ల గొంతు గట్టిది. సోమవారందాకా మూడో వార్డులో పదిహేడో మంచం ఒక్కటి మాత్రం వేళ తప్పకుండా తిరిగింది.

మీటింగు పదకొండింటికి. పెద్ద డాక్టరు, వార్డుకొక సిస్టర్, గోడ మీద పెద్ద తెర.

"మూడో వార్డు పద్ధతేంటో మిగతావాళ్ళకి కాస్త చెప్పండి" అన్నాడు పెద్ద డాక్టరు.

"పద్ధతేముందండీ, క్రమశిక్షణ" అంది పెద్ద సిస్టర్. "రెండు గంటలకి గడియారం మర్చిపోవచ్చు, మేం మర్చిపోం. నూటికి నూరు."

లెక్కలమ్మాయి లేచింది. "ఆ లెక్క వేసింది నేనే సార్. దాంట్లో నాకో సందేహం. బండి తాతని లోపలికి పిలవచ్చా?"

"తాతకి లెక్కలెప్పట్నుంచి?" అన్నారెవరో. నవ్వులు.

తాత గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నోటుపుస్తకం తెరిచాడు. ఆయన మాట మామూలుగానే నెమ్మది. ఆ రోజు ఇంకా నెమ్మదిగా వచ్చింది.

"మూడో వార్డు, నాలుగో మంచం. పోయిన మంగళవారం. ఎనిమిదీ పదికి ఎక్కించా. పదకొండూ యాభైకి దింపా."

లెక్కలమ్మాయి తెర చూసి చదివింది. "పదింటికి, కుడివైపుకి తిప్పాం. చర్మం బాగుంది."

"ఇరవై రెండో మంచం. బుధవారం. ఒకటీ ఇరవైకి ఎక్కించా. నాలుగున్నరకి దింపా."

"రెండింటికి, ఎడమవైపుకి తిప్పాం. నాలుగింటికి, కుడివైపుకి తిప్పాం. చర్మం బాగుంది."

మూడోదానికి నవ్వులు ఆగిపోయాయి. ఐదోదానికి పంకా తిరిగే చప్పుడు వినిపించింది.

"ఆ కోడిగీతలు చూసి నన్ను నిలదీస్తారా? వేలిముద్రగాడు ఏ టైము రాశాడో ఎవడికి తెలుసు?" అంది పెద్ద సిస్టర్. గొంతు మాత్రం కిందికి దిగింది.

"స్కానింగ్ గది టైములు కంప్యూటర్లోనే ఉన్నాయి. తాత రాతకీ వాటికీ ఐదు నిమిషాల తేడా కూడా రాలేదు" అంది లెక్కలమ్మాయి.

ఐదో వార్డు సిస్టర్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంటే ఆ పదిహేడో మంచం పుండు మాది కాదన్నమాట! ఇన్ని నెలలూ మా మొహాన కొట్టారు కదమ్మా దాన్ని!"

పెద్ద సిస్టర్ చుట్టూ చూసింది. ఒక్క మొహం కూడా ఆవిడ వైపు లేదు. "ముప్పై మంచాలకి ఇద్దరం!" అని ఒక్కసారిగా అరిచింది. "మందులివ్వాలి, సూదులు వెయ్యాలి, పడిపోయినవాళ్ళని ఎత్తాలి. ముప్పై మందిని రెండు గంటలకోసారి తిప్పాలంటే ఒక్కొక్కరికి పది చేతులుండాలి! ఎలా తిప్పమంటారు?"

"ఆ ముక్కే కంప్యూటర్లో ఎందుకు పడలేదు సిస్టర్?" లెక్కలమ్మాయి మెల్లగానే అడిగింది. "పోయినేడు మీ వార్డుకి ముగ్గురుండేవారు. నూటికి నూరు వస్తోంది, మూడో మనిషెందుకు అని ఒకర్ని తీసేశారు. నేనిచ్చిన కాగితం చూసే తీసేశారు."

పెద్ద డాక్టరు బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ ఉత్తర్వు మీద సంతకం ఆయనదే.

చివరికి, "తాతా, నీకు జరిగినదానికి ఏం చేసినా తక్కువే. ఈవిణ్ణి ఇవాళే సస్పెండ్ చేస్తాను" అన్నాడు.

"వద్దండీ" అన్నాడు తాత. "ఆవిడ ఇంటికి పోతే నాకేంటి? ఇంట్లో మెత్తటి పరుపు మీద పడుకుని ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. నాకు మా ఆవిడ కాగితం దిద్ది కావాలి. ఈవిడే దిద్దాలి. నేను పక్కన కూర్చోవాలి."

రికార్డుల గదిలో మెత్తటి కుర్చీ ఒకటుంది. తాత దాన్ని బయటికి తోసి, చెక్క కుర్చీ తెచ్చి వేశాడు. పెద్ద సిస్టర్ కూర్చుంది. టైము పన్నెండు.

"అన్నీ ఒకేసారి కొట్టేయొచ్చుగా?" అంది.

"కాపీ కొట్టడానికే ఆ సదుపాయం ఉంది సిస్టర్. దిద్దాలంటే ఒక్కొక్కటే" అంది లెక్కలమ్మాయి. "ప్రతిసారీ మీ పాస్‌వర్డ్ కొట్టాలి, కారణం రాయాలి. పాత టిక్కు చెరిగిపోదు. దాని మీద ఎర్ర గీత పడుతుంది, పక్కన మీ పేరు, మీరు రాసిన కారణం నిలబడతాయి."

"ఎన్ని?"

"రోజుకి పన్నెండు. ఎనిమిది రోజులు. తొంభై ఆరు."

సిస్టర్ మొదటిది తెరిచింది. కారణం దగ్గర ఏదో కొట్టింది. తాత మెడ ముందుకి చాచి కూడబలుక్కున్నాడు. "పొ... ర... పొరపాటా? పొరపాటు ఒకసారవుతుందమ్మా. తొంభై ఆరు సార్లు అవ్వదు. 'తిప్పలేదు' అని కొట్టండి."

ఆవిడ కొట్టింది. తిప్పలేదు.

పాత కంప్యూటర్. ఒక్కోదానికీ తీరిగ్గా ఆలోచించేది. తిప్పలేదు. మళ్ళీ పాస్‌వర్డ్. తిప్పలేదు. ఒక రోజు పూర్తయింది. రెండో రోజు మొదలైంది. బయట ఎవరో ఇనప బకెట్ ఈడ్చుకుపోతున్నారు. తిప్పలేదు. ఆవిడ ఒక కాలు మార్చుకుంది. తర్వాత రెండోది. ఇరవై ఎనిమిదో టిక్కు దగ్గర రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "అబ్బా, పట్టేసింది" అని తనకి తానే అనుకున్నట్టు అంది.

తాత ఫోనులో గడియారం చూశాడు.

"రెండు గంటలైంది. కాస్త పక్కకి తిరగండమ్మా."

ఆవిడ తిరగలేదు. లేవనూ లేదు. చేతులు మళ్ళీ కీబోర్డు మీదకి తెచ్చుకుంది.

ముప్పై మూడోది తెరిచి, చెయ్యి తీసేసింది. "ఇది కొట్టను."

"ఏం? వేళ్ళు అరిగిపోయాయా?"

"ఇది నేను నిజంగా తిప్పాను తాతా. మూడో రోజు, నాలుగింటికి. ఒట్టు. అప్పుడే ట్యాపు కింద చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే వచ్చా. ఆవిడ ఉలిక్కిపడి, 'అమ్మయ్య' అంది. నాకు గుర్తుంది."

తాత కదల్లేదు. మంచుముక్కల్లాంటి చేతులు. ఆ సంగతి భార్య చెప్పింది ఆయనకొక్కడికే. ఈవిడకి తెలిసే దారి లేదు.

లెక్కలమ్మాయి తెర మీదకి వంగింది. "మావయ్యా, ఇది మిగతావాటిలా లేదు. కాపీ కాదు. చేత్తో రాశారు. 'నడుం కింద ఎరుపు కనిపిస్తోంది' అని ఉంది."

"ఎరుపు చూశారన్నమాట" అన్నాడు తాత.

"చూశాను. డాక్టరుకి చెబుదామనే అనుకున్నా. అంతలో నాలుగో మంచం ఆయన బాత్రూంలో పడ్డాడు. అటు పరిగెత్తా. తర్వాత డ్యూటీ అయిపోయింది..."

"ఆరింటికి ఏముందో చదవండి."

ఆవిడ తల దించుకుంది.

"పైకి చదవండమ్మా. వేలిముద్రగాణ్ణి, నాకు చదువు రాదు."

"కుడివైపుకి తిప్పాం. చర్మం..." ఆగింది. "చర్మం బాగుంది."

"మళ్ళీ."

"చర్మం బాగుంది."

"మళ్ళీ చదవండి. మా ఆవిడకి వినపడాలి."

ఆవిడ మూడోసారి చదివింది. కళ్ళలోంచి నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. లెక్కలమ్మాయి రుమాలు తీయబోయింది. తాత కళ్ళతోనే వద్దన్నాడు.

"ముప్పై మూడోది ఉంచండి" అన్నాడు. "ఒక్కసారి తిప్పారని నా భార్య చెప్పింది. ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది. ముప్పై నాలుగోది కొట్టండి."

తిప్పలేదు. తిప్పలేదు. ఐదో రోజు పదింటి టిక్కు వచ్చినప్పుడు తాత తన నోటుపుస్తకం తీసి కీబోర్డు పక్కన తెరిచి పెట్టాడు, అంతే. ఆవిడ అటు చూడకుండా కొట్టింది. ఆఖరిది పూర్తయ్యేసరికి సాయంత్రం ఆరయింది. తెర మీద పైనుంచి కిందిదాకా తొంభై ఐదు ఎర్ర గీతలు. మధ్యలో ఎక్కడో ఒక్కటే పచ్చ టిక్కు.

సిస్టర్ లేవబోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి తూలి, చేతికందింది పట్టుకుంది. అందింది తాత భుజం. చొక్కాలోంచి కూడా ఆ చెయ్యి చల్లగా తగిలింది. తాత ఆవిణ్ణి ఆపలేదు, సాయం పట్టలేదు. ఆవిడంతట ఆవిడ వదిలేదాకా స్తంభంలా నిలబడ్డాడు.

అంతలో గుమాస్తా తలుపులోంచి తొంగిచూశాడు. "సిస్టర్, షీల్డు ఇవాళే కిందికి దించేయమన్నారు పెద్ద డాక్టరు."

ఆవిడ తాత వైపు చూసింది. "తాతా, బండి..."

"బండి రోగులకమ్మా. మీకు చేతులున్నాయిగా."

లిఫ్ట్ దగ్గర కూడా ఆయన ఖాళీ బండి అడ్డంగా పెట్టుకుని నిలబడ్డాడు. "ఇదీ రోగులకే" అన్నాడు. పెద్ద సిస్టర్ ఆ గాజు షీల్డుని రెండు చేతులా కడుపుకి ఆనించుకుని మెట్లు దిగింది. ప్రతి అంతస్తులోనూ వార్డుల గుమ్మాల్లో జనం నిలబడి చూశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నెల తిరిగింది. ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్ళే కంప్యూటర్ తెరవాలి. బండి టైములు కూడా అందులోకి ఎక్కుతున్నాయి. కాపీ కొట్టే సదుపాయం తీసేశారు. మూడో వార్డుకి మూడో మనిషి తిరిగొచ్చింది.

"మావయ్యా, మూడో వార్డు లెక్క వచ్చింది" అంది లెక్కలమ్మాయి. "నూటికి నలభై ఆరు. అన్ని వార్డుల్లోకీ అట్టడుగు. ఆరుగురికి ఎరుపు అని రాశారు. ఆరుగురికీ ఆ రోజే మందు పడింది. ఒక్కటీ పుండు కాలేదు."

"నలభై ఆరా?" తాత ఆ అంకెని నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. ఆ రోజు భార్యతో అన్న మాటే మళ్ళీ నోటికొచ్చింది.

"తిప్పుతున్నారన్నమాట."

అన్నం డబ్బా మూసి లేచాడు. మధ్యాహ్నం రెండవుతోంది. పని ఉన్నా లేకపోయినా ఆ వేళకి ఖాళీ బండి మూడో వార్డు దాకా తోసుకెళ్ళి, గుమ్మంలో ఆపి నిలబడటం ఆయనకి అలవాటైంది. ఏమీ మాట్లాడడు. నిలబడతాడు, అంతే. వద్దని చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

బండి చక్రం కిర్రుమన్న చప్పుడుకి పెద్ద సిస్టర్ తలెత్తింది. గడియారం వైపు చూడలేదు. కుర్చీలోంచి లేచి, పదిహేడో మంచం దగ్గరికి నడిచింది.